మీసాలమావ కొలత

తొట్లాయన గుమ్మంలో చెప్పులు విడిచేసరికి కుట్టుమిషను ఆగిపోయింది. ఆగిందంటే ఏదో ఉందన్నమాటే. టైలరమ్మ ఊరికే మిషను ఆపే మనిషి కాదు. తల ఎత్తకుండానే "రండన్నయ్యా" అంటుంది, పాదం దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. నెలకు రెండుసార్లు ఆయన వచ్చి చేపతొట్టిలో నీళ్ళు మార్చి వెళ్ళేదాకా ఆ టకటకల మధ్యనే వాళ్ళ మాటలు నడుస్తాయి. ఆరేళ్ళుగా అంతే. ఈ బుధవారం మాత్రం ఆమె పాదం తీసి నేల మీద పెట్టింది.

"నీళ్ళ సంగతి తరవాత. ముందు కాస్త కూర్చోండి," అంది.

బకెట్టూ రబ్బరు గొట్టమూ పట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోమన్నారంటే రెండే కారణాలుంటాయి. చేప పోయి ఉండాలి, లేదా ఈయన పని పోయి ఉండాలి. తొట్లాయన గభాలున గోడ వైపు చూశాడు. చేప ఉంది. ఇనప స్టాండు మీది మూడడుగుల గాజుతొట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకి తనే నిండిపోయి, వెడల్పాటి నోటి చుట్టూ ఆరు మీసాలూ ఆడిస్తూ ఉంది. సరే, అయితే రెండోదే అనుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ ఇల్లు పడగొట్టేస్తున్నారన్నయ్యా. ఆదివారానికల్లా ఖాళీ చెయ్యాలి. ఎలాగో ఒక గది దొరికింది, మూడో అంతస్తు. మిషను పడుతుంది, మంచం పడుతుంది. తొట్టి మాత్రం వద్దన్నాడు ఇంటాయన. అంత నీళ్ళ బరువు మా శ్లాబు మొయ్యదమ్మా అని మొహమ్మీదే చెప్పేశాడు."

"అలాగా," అన్నాడు తొట్లాయన.

"వీణ్ని ఎక్కడైనా మంచి చోట పెట్టండి. నాకేం ఇవ్వక్కర్లేదు. ఎవరికైనా సరే ఊరికే ఇచ్చేస్తాను. తిరగడానికి చోటుండాలి, అంతే. మీకు తెలియని తొట్టి ఈ ఊళ్ళో ఉందా?"

ఆ చేపను కొన్నది ఆమె భర్త. పిల్లను భుజాల మీద ఎక్కించుకుని తొట్లాయన పనిచేసే చేపల కొట్టుకొచ్చి, ప్లాస్టిక్ సంచిలో చూపుడువేలంత ఉన్నదాన్ని వేళ్ళాడేసుకుని వెళ్ళాడు. మరి రెండేళ్ళకు ఆయన పోయాడు. చేప ఉంది. పిల్లకిప్పుడు పదేళ్ళు, చేపకు ఆరేళ్ళు, ఇంట్లో మగదిక్కు వాడే అని టైలరమ్మ నవ్వుతూ అంటుంటుంది. పిల్ల దానికి మీసాలమావ అని పేరు పెట్టింది. నీళ్ళు మార్చే ఈయన నీళ్ళమావ. ఒక మావ గాజుకు లోపల, ఒక మావ బయట.

"నేను చూస్తాగా చెల్లెమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు తొట్లాయన. కొట్లో నిలబడి ముప్ఫై ఏళ్ళుగా జనానికి నచ్చే మాట చెప్పీ చెప్పీ అలవాటుపడ్డ నోరు, ఆయన్ని అడక్కుండానే అనేసింది.

అప్పుడే మీసాలమావ తిరగడం మొదలుపెట్టింది. తొట్లాయన ఇది వందసార్లు చూశాడు, చూసిన ప్రతిసారీ చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఇవాళ కూర్చుని ఉన్నాడేమో, మొత్తం చూడాల్సి వచ్చింది. ముందు ముక్కు మూలలోకి దూర్చింది. తరవాత నడుము దగ్గర మడిచింది. తల ఒక గాజుకు, తోక ఒక గాజుకు నొక్కుకుని, ఒళ్ళంతా రెండుగా మడతపడి, ఒక్క విదిలింపుతో ఆ కొసనుంచి ఈ కొసకు వచ్చింది. నీళ్ళు లేచి మూత మీది బండరాయిని తడిపాయి. మిషను పక్కన పరిచిన పాత దుప్పటి మీద కాసిని చిందాయి. ఆ దుప్పటి అందుకోసమే పరిచి ఉంది. రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. ముక్కు మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

బడి సంచి విసిరేసి పిల్ల వచ్చింది. "నీళ్ళమావా, చూశావా, మళ్ళీ కొట్టుకున్నాడు! లవంగం మందు వెయ్యవా?"

"ఇంత చిన్న దెబ్బకి అక్కర్లేదే."

"అప్పుడు వేశావుగా. నాలుగు చుక్కలు వేస్తే నిద్రపోయాడు, నువ్వు ముక్కుకి మందు రాశావు. ఇంకో నాలుగు వేద్దామంటే, అమ్మో, ఎక్కువైతే ఇంక లేవడు అన్నావు. నాకన్నీ గుర్తే," అంది పిల్ల గొప్పగా.

తొట్లాయన లేచి గొట్టం నీళ్ళలో ముంచి, నోటితో పీల్చి, బకెట్లోకి వదిలాడు. పని చేస్తుంటే చేతులకు హాయిగా ఉంటుంది. టైలరమ్మ మిషను మీది బడి గౌను పక్కకు తీసింది. ఎవరి పిల్లదో, అంచు పొడవు దించుతోంది.

"ఏ పిల్ల గౌనుకైనా అడుగున నాలుగంగుళాలు మడిచే కుడతానన్నయ్యా. తల్లులకి చెప్పను కూడా. ఏడాది తరవాత పొట్టిదైపోయిందమ్మా అని ఏడుపు మొహంతో తెస్తారు, కుట్టు విప్పి ఇచ్చేస్తాను. కొత్తది కుట్టించుకునేవాళ్ళు ఇలా పాతదాంతోనే సరిపెట్టుకుంటారు, నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటున్నావని మా పక్కింటావిడ తిడుతుంది."

"నిజమే కదా."

"పెరిగే పిల్లలు. ముందే చూసుకోవద్దూ?" అంటూ మెడలోని టేపు తీసుకుని తొట్టి దగ్గరకు వచ్చింది. "వీడికో జోలె కుడతాను. గట్టి గుడ్డ ఉంది, చెరో కొసా పట్టుకుని మోసుకెళ్ళచ్చు. బకెట్లో పట్టేవాడు కాడుగా."

గాజు మీద టేపు ఆనించి మూతి దగ్గర బొటనవేలు పెట్టింది. మీసాలమావ వచ్చి ఆ వేలిని లోపలినుంచి మీసంతో తడిమింది. తోక వెనక గాజు వైపు మడతపడి ఉంది. "కాస్త సరిగ్గా నిలబడరా బాబూ! బ్లౌజుకి కొలతలిచ్చేవాళ్ళంతా పొట్ట లోపలికి పీలుస్తారు, వీడు తోక మడుస్తాడు." మడత దాకా కొలిచి, అంచనాకు ఇంకాస్త కలిపి, "ముప్ఫై నాలుగు," అంది. సుద్దముక్కతో గుడ్డ మీద రాసుకుంది. తరవాత నవ్వింది. "తొట్టిని బట్టే పెరుగుతుందని చెప్పారు మీరు. మా తొట్టే పెరిగినట్టుందన్నయ్యా."

ఎత్తిపొడుపు కాదు, ఉత్త నవ్వు. అదే ఆయనకు గుచ్చుకుంది. ఆరేళ్ళ కిందట పిల్లను భుజాన ఎక్కించుకున్న ఆ తండ్రి, ఇదెంత పెరుగుతుందండీ అని అడిగాడు. ఏ కొట్లో ఎవరడిగినా ఒకటే జవాబు, తొట్టిని బట్టి పెరుగుతుంది. చిన్న తొట్టిలో పెడితే చిన్నగానే ఉండిపోతుంది. ఈయనా అదే చెప్పాడు. బకెట్టు నిండి పొర్లిపోతోందని పిల్ల అరిచేదాకా ఆయన చూసుకోలేదు.

గురువారం కొట్టుకు సెలవు పెట్టి, ఊరి ఆ చివరనున్న చేపల ప్రదర్శనశాలకు వెళ్ళాడు. టిక్కెట్టు కొనే జనం వైపు కాకుండా వెనక గేటు వైపు వెళ్ళి, అక్కడ పనిచేసే ఆయన కోసం గంటసేపు నిలబడ్డాడు. చేపలకు మేతవేసే మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, భుజం దాకా తడి. విషయం సగం చెప్పగానే చెయ్యి ఊపి రమ్మన్నాడు.

లోపల ఒక సిమెంటు తొట్టి ఉంది. గదంత పెద్దది. చూడగానే తొట్లాయన ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్ళి తొంగిచూస్తే అడుగు కనిపించలేదు. నల్లటి వీపులు, ఎర్రటి తోకలు, ఒకదాని మీద ఒకటి.

"పదకొండు," అన్నాడు మేతమనిషి. "ఒక్కటి కూడా మేం తెచ్చుకున్నది కాదు. నెలకిద్దరు ముగ్గురు వస్తారు, మీలాగే. కొందరికి అడగడం కూడా మొహమాటం, తెల్లారేసరికి గేటు ముందు బకెట్లో వదిలేసి పోతారు. ఇంకొకటి వేశానంటే ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. మొన్న ఒకదాని తోక పోయింది, అదిగో."

"చిన్నదేనండీ. అంటే, మరీ అంత..."

"ఎన్నంగుళాలు?"

"ముప్ఫై నాలుగు."

"తొట్టి?"

"మూడడుగులు."

మేతమనిషి నవ్వలేదు. "అందరిదీ ఒకటే పాట. కొట్లో తొట్టిని బట్టి పెరుగుతుందని చెప్పారండీ అంటారు. ఎక్కడ పెరుగుతుంది తొట్టిని బట్టి? దాని ఎముక దానిది. చోటు లేకపోతే వంగుతుంది, వంగి పెరుగుతుంది, లోపల ఏవేవో నలిగి చస్తుంది. ఆ మాట చెప్పినవాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నా చేతికి దొరికితే బావుణ్ణు, ఈ నీళ్ళలోనే ముంచి లేపుతాను." చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, "మీరేం చేస్తుంటారు?"

"ఇళ్ళల్లో తొట్లకి నీళ్ళు మారుస్తుంటాను," అన్నాడు తొట్లాయన. అబద్ధం కాదు. సగం.

గేటు దాకా వచ్చి మేతమనిషి గొంతు తగ్గించాడు. "చోటు దొరక్కపోతే నిద్రపుచ్చెయ్యండి. లవంగనూనె తెలుసుగా. చెరువులో మాత్రం వదలకండి, దణ్ణం పెడతాను."

అన్నాడు గానీ, మర్నాడు తొట్లాయన కాళ్ళు చెరువు వైపే నడిచాయి. వదలడానికి కాదు, ఊరికే చూద్దామని. తనకు తాను అలాగే చెప్పుకున్నాడు. గట్టు మీద ఒక వలాయన కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన బుట్టలో పిడికెడు చేపలున్నాయి, వేలెడేసి.

"ఇంతేనా?" అన్నాడు తొట్లాయన.

"ఇంతే. మూడేళ్ళ కిందట ఎవరో మహానుభావులు ఇంట్లో పెంచుకున్న చేపల్ని తెచ్చి ఇందులో వదిలిపెట్టారు. ప్రేమ ఎక్కువైంది మరి! పిల్లచేపని మిగలనివ్వవు. వల్లో పడితే వలే పోతుంది." చినిగిన చోటు ఎత్తి చూపించాడు. అందులోంచి మనిషి తల దూరుతుంది. "అవైనా బాగుపడ్డాయా? చలి పడేసరికి రెండు తేలాయి. ఇంతింత కళ్ళేసుకుని."

వలాయన చేతులు మాట్లాడుతున్నంతసేపూ ముళ్ళు వేస్తూనే ఉన్నాయి. తొట్లాయన కాసేపు నీళ్ళ వైపు చూశాడు. ఎంత చోటో! ఎటు తిరిగినా తగలడానికి ఏమీ లేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

శనివారం కొట్టు తియ్యగానే కొత్త సరుకు దిగింది. దారంతా ఊగుతూ వచ్చిన ప్లాస్టిక్ సంచుల్ని ఆయన ఒక్కొక్కటిగా తొట్టి నీళ్ళలో తేలేశాడు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా ఆగాలి, తొందరపడితే అదిరి చస్తాయి. ఏడో సంచి ఎత్తి చూస్తే చూపుడువేలంత చేపలు, పది. నల్లటి వీపు, ఎర్రటి తోక, నోటికి ఆరు మీసాలు. మీసాలు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి.

పదింటికి ఒక జంట వచ్చింది, కొత్తగా కాపురం పెట్టినట్టున్నారు. అమ్మాయి ఆ తొట్టి ముందే ఆగిపోయింది. "అబ్బ, మీసాలు చూడు! ఎంత పెరుగుతాయండీ ఇవి?"

కొట్టు యజమాని గల్లా దగ్గర్నుంచే అన్నాడు, "తొట్టిని బట్టమ్మా. మీరెంత తొట్టి పెడితే అంత."

తొట్లాయన చేతిలో జల్లెడగిన్నె ఉంది. నోరు తెరిచాడు. యజమాని ఆయన వైపు చూసి, "రెండు కట్టివ్వు," అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గొంతు రెండు కట్టివ్వమంటే ఈయన కట్టిస్తున్నాడు. వంగి, గిన్నె ముంచి, రెండు పట్టి, సంచిలో గాలి నింపి, రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టి ఇచ్చాడు. ఛీ, అనుకున్నాడు. ఎవర్ని అనుకున్నాడో వేరే చెప్పాలా.

సాయంత్రం దారిలో మందులకొట్లో లవంగనూనె పెద్ద సీసా ఒకటి కొన్నాడు. ఇంటికొచ్చి మూత బిగుతుగా ఉందో లేదో చూడబోతే కొంచెం చేతి మీద ఒలికింది. వంటింట్లోంచి భార్య వచ్చింది.

"పన్ను నొప్పా?"

"కాదు."

ఆమె సీసా చూసింది, మొగుడి మొహం చూసింది. టైలరమ్మ సంగతి బుధవారమే విన్నది. "చోటు దొరకలేదా?"

"లేదు. మన నీళ్ళ డ్రమ్ములో పెడదామా అని కూడా ఆలోచించాను."

"ఆ తొట్టి కంటే చిన్నది కదయ్యా డ్రమ్ము."

"అవును."

"ఆవిడకి ఏం చెప్తావ్?"

"ఊరవతల తోటలో ఒక కొలను ఉంది, ఇచ్చేశానని చెప్తాను."

ఆమె లోపలికి వెళ్ళి, మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది. "ఒక అబద్ధం చెప్పి వాళ్ళింట్లో పెట్టావు. ఇంకో అబద్ధం చెప్పి తీసుకొస్తావన్నమాట," అంది. తిట్టినట్టు కూడా లేదు. మొగుడు చెప్పే ఆ మాటతో వచ్చిన తిండే ఇన్నాళ్ళూ ఇద్దరూ తిన్నారని ఆమెకూ తెలుసు.

ఆయన చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. వాసన పోలేదు.

ఆదివారం పొద్దున టైలరమ్మ ఇల్లు ఇల్లులా లేదు. గోడల మీద మేకులు, నేల మీద దారప్పోగులు. మిషను అప్పుడే ట్రాలీలోకి ఎక్కింది. మంచం ఎక్కుతోంది. పక్కింటావిడ మూటలు అందిస్తూ, "ఇంత పెంటా ఈ రెండు గదుల్లోంచేనా," అని ఆశ్చర్యపోతోంది. ఖాళీ గదిలో తొట్టి మాత్రం చోటు కదలకుండా ఉంది. కిటికీ తెర తీసేశారు కాబట్టి ఎండ నేరుగా దాని మీద పడుతోంది. మీసాలమావ ఆ వెలుతురు నచ్చక నీడ వైపు తిరగబోయి, ముక్కు కొట్టుకుని, మడతపడి, నీళ్ళు చిందించి, తిరిగింది.

పిల్ల పరుగెత్తుకొచ్చింది. "నీళ్ళమావా, ఎక్కడికి తీసుకెళ్తున్నావు? అమ్మ నిన్నే అడగమంది."

తొట్లాయన టైలరమ్మ వైపు చూశాడు. ఆమె మూలన కూర్చుని జోలెకు చివరి కుట్లు చేత్తో వేస్తోంది. ముదురు నీలం గుడ్డ, మందంగా ఉంది. రెండు కొసలా పట్టీలు, అంచులు నున్నగా మడిచి ఉన్నాయి. తల ఎత్తలేదు.

"ఊరవతల ఒక తోట ఉందే," అన్నాడు. "ఆ తోటలో కొలను. ఇంతా అంతా కాదు, ఈ వీధంత."

"వీధంతా!"

"వీధంతే మరి. చుట్టూ చెట్లు, మధ్యాహ్నం కూడా నీడే. తోటమాలి పొద్దునా సాయంత్రం మేత వేస్తాడు."

"మరి తిరగడానికి?"

"ఎటంటే అటు తిరగచ్చు. మడతపడక్కర్లేదు."

చెబుతుంటే ఆయనకే ఆ కొలను కనిపించింది. నీళ్ళ రంగు కూడా కనిపించింది. పిల్ల మొహం విచ్చుకుంది. తొట్టికి రెండు అరచేతులూ ఆనించి, "మీసాలమావా, బాగా తిను. కొత్తవాళ్ళతో కొట్లాడకు. వేసవి సెలవుల్లో వస్తాను," అంది. మీసాలమావ వచ్చి ఒక అరచేతి ముందు మీసాలు ఆడించింది. పిల్ల గాజుకు మొహం ఆనించింది. అప్పటిదాకా బాగానే ఉన్నది కాస్తా ఒక్కసారి భోరుమంది.

"పక్కింటి పెద్దమ్మతో ట్రాలీలో వెళ్ళమ్మా," అంది టైలరమ్మ. "అక్కడ మిషను దింపేటప్పుడు చూసుకునేవాళ్ళు కావాలి. ఇక్కడ పని అవగానే వచ్చేస్తాను."

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ట్రాలీ చప్పుడు మలుపు తిరిగేదాకా టైలరమ్మ గుమ్మంలోనే నిలబడింది. తరవాత తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇప్పుడు చెప్పండన్నయ్యా."

"ఏం చెప్పాలి? అదే, ఆ తోటలో..."

"కొలను పిల్లకి. బాగా చెప్పారు. నాకూ అదే చెప్తారా?"

ఆయన గొట్టం చుట్ట విప్పబోయాడు.

"మీరు గుమ్మంలో కాలు పెట్టగానే లవంగం వాసన వచ్చింది," అంది. "పిల్ల ఏడుపులో పడి పసిగట్టలేదు గానీ. ఎక్కడా దొరకలేదా?"

"లేదమ్మా." మూడు రోజులూ ఎక్కడెక్కడికి వెళ్ళాడో చెప్పాడు. పదకొండు చేపల సంగతి, చిరిగిన వల సంగతి. ఆమె వింటూ జోలె మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"ఒకటడుగుతాను. నిజం చెప్పండి. తొట్టిని బట్టి పెరుగుతుందని మా ఆయనకి చెప్పారే. అప్పుడు తెలుసా మీకు?"

ఏమీ తెలియదమ్మా, మాకూ పైవాళ్ళు అలాగే చెప్పారు అని జవాబు నాలుక చివర్న సిద్ధంగానే ఉంది. ఎంతమందికి చెప్పలేదూ ఆ జవాబు! తొట్లాయన దాన్ని మింగేశాడు.

"తెలుసు."

"ఇప్పుడూ చెప్తున్నారా?"

"నిన్న మా యజమాని చెప్పాడు. నేను నోరెత్తలేదు. రెండు కట్టిచ్చాను."

ఆమె అరుస్తుందేమోనని చూశాడు. అరిస్తే బాగుండును. ఆమె తొట్టి వైపు చూస్తూ నిలబడింది. "నాలుగేళ్ళుగా ఎవరైనా పెద్ద తొట్టి కొనమంటే నవ్వేదాన్ని," అంది మెల్లిగా. "పెద్దది పెడితే ఇంకా పెరుగుతాడు, అప్పుడు మా ఇంట్లో పట్టడు, ఇదే వాడికి మంచిది అనేదాన్ని. వాడు అక్కడ మడతపడుతుంటే ఇక్కడ కూర్చుని కుట్టుకున్నాను. పాపం నాకు కూడా తగలాలి."

"నీకెందుకు తగులుతుందమ్మా."

"ఊరుకోండి."

ఆమె లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. వొలిచిన రొయ్యలున్నాయి అందులో, పొద్దున్నే తెచ్చి పెట్టినట్టుంది. అంటే ఆమెకు పొద్దున్నే తెలుసు. చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి ఒక్కొక్కటి ఇచ్చింది. ఆ పెద్ద నోరు వేళ్ళకు తగలకుండా ఎంత మెత్తగా అందుకుంటుందో! ఏడు తిన్నాడు. ఎనిమిదోది వదిలేశాడు.

తొట్లాయన పని మొదలుపెట్టాడు. గొట్టంతో సగం నీళ్ళు తోడేశాడు. మోటారు ఆపాడు. ఆరేళ్ళుగా ఆగని బుడబుడ ఆగేసరికి గది మరీ ఖాళీ అయిపోయినట్టయింది. ఒక సీసాలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, లవంగనూనె కలిపి, పాలలా తెల్లబడేదాకా గిలకరించాడు. అప్పుడు నాలుగు చుక్కలు, ఇప్పుడు సీసా.

"ఇటివ్వండి," అంది టైలరమ్మ. "నా చేత్తో తిన్నాడు. నేనే వేస్తాను."

"వద్దమ్మా, ఇది నేను చెయ్యాల్సింది."

"మీరు ఎంత వెయ్యాలో చెప్పండి, చాలు."

ఆయన చెబుతుంటే ఆమె కొంచెం కొంచెంగా పోసింది. ఎడమచెయ్యి నీళ్ళలోనే ఉంచింది. మీసాలమావ ఒకసారి అటూ ఇటూ అయ్యాడు. తిరగబోయాడు, మధ్యలో మరిచిపోయినట్టు ఆగాడు. మీసాలు ఆమె వేళ్ళ మీదికి వచ్చి అక్కడే వాలిపోయాయి. మొప్పలు తెరుచుకోవడం, మూసుకోవడం, మధ్యలో ఎడం పెరగడం. "నొప్పి ఉండదుగా?" అని అడిగింది. "ఉండదమ్మా, ఇది మాత్రం నిజం," అన్నాడు తొట్లాయన. ఆయన కళ్ళలోంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోలేదు.

మొప్పలు ఆగాక కూడా సగం సీసా పోయించాడు. ఆ తరవాత గంటసేపు ఇద్దరూ ఆ నేల మీదే కూర్చున్నారు. తొందరపడకూడదు, లేచినట్టయితే వాడికే కష్టం అన్నాడు ఆయన. కూర్చోలేక పెరట్లోకి వెళ్ళి, పంపు పక్క మెత్తటి నేలలో గునపంతో గొయ్యి తీసి వచ్చాడు. పొడవు ఆమె చెప్పిన కొలతే, ముప్ఫై నాలుగుకు రెండంగుళాలు ఎక్కువ.

జోలె నీళ్ళలోకి దించి, వాడి కిందుగా జరిపి, చెరో కొసా పట్టుకుని ఎత్తారు. చాలా బరువున్నాడు. చాప మీద దింపేసరికి ఒళ్ళు తనంతట తానే నెమ్మదిగా చాపుకుంది. వెన్నులో రెండుచోట్ల వంకర వంకరగానే ఉండిపోయింది గానీ, మడిచి ఉన్న తోక విచ్చుకుని, గుడ్డ దాటి, చాప మీదికి వచ్చి ఆగింది. చేతి వెడల్పున, ఎర్రగా.

"అదేమిటి?" అంది టైలరమ్మ. గుడ్డ కొస పట్టుకుని లాగి చూసింది, అటు జరిపి చూసింది. తల కప్పితే తోక బయటికి, తోక కప్పితే తల బయటికి. "నేను ముప్ఫై నాలుగు కొలిచానే. పైన ఒక అంగుళం వదులు కూడా పెట్టానే. నా కొలత ఎప్పుడూ తప్పలేదన్నయ్యా, ఒక్కసారి కూడా."

మెడలోంచి టేపు తీసి మూతి దగ్గర పెట్టింది. రెండో కొస తొట్లాయన తోక దాకా పట్టాడు. ఇద్దరూ వంగి చూశారు.

ముప్ఫై తొమ్మిది.

తొట్లాయన తల తిప్పి స్టాండు మీది ఖాళీ తొట్టిని చూశాడు. గాజులు కోసి, అంటించి, ఆరబెట్టి, ఈ గోడ పక్కన నిలబెట్టింది ఆయనే. దాని పొడవు ఆయనకు కొలవక్కర్లేదు. ముప్ఫై ఆరు. వాడు ఎన్నాళ్ళనుంచి తను ఉన్న ఇంటికంటే పొడుగ్గా ఉన్నాడో! ఒక్క రోజు కూడా ఒళ్ళు చాపి పడుకోలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు. ఆయన చాప మీద చతికిలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతుల నిండా లవంగం వాసన.

టైలరమ్మ ఓదార్చలేదు. జోలె కొస తిప్పి లోపలి వైపు చూసింది. ఆ కొసన వెడల్పుగా మడిచి కుట్టిన మడత ఉంది. ఎప్పుడు మడిచిందో ఆమెకే గుర్తు లేదు, చెయ్యి అలవాటుగా మడిచేసింది. దారం తెంపే చిన్న బ్లేడు వెతుక్కుని, కిటికీ వెలుతురు వైపు తిరిగి, ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది.

"నాలుగంగుళాలు ఉంది లోపల," అంది. "పిల్లల బట్టలకి వదిలినట్టే వదిలాను."

తొట్లాయన మొహం తుడుచుకుని గునపం తీసుకున్నాడు. గొయ్యి కూడా పొడుగు చెయ్యాలి. ఆయన పెరట్లో తవ్వుతున్నంతసేపూ గదిలోంచి కుట్లు తెగుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూసేసరికి ఆమె విప్పిన గుడ్డ మడతను అరచేత్తో సాపుచేసి, తోక మీద కప్పుతోంది. సరిపోయింది.

"ఎత్తండన్నయ్యా," అంది. "పిల్ల ఎదురుచూస్తుంటుంది."